నాన్నగారి పద్యాలకు తగ్గ స్పీకరు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ప్రియమైన మావా,

నీ ఐపాడ్ క్షేమంగా చేరింది. మీ అక్క దాన్ని పట్టుచీర మడతల్లో పెట్టి తెచ్చింది, ఒక్క గీత కూడా పడలేదు. చక్రం మీద వేలు తిప్పితే ఇప్పటికీ టిక్కు టిక్కుమంటోంది. చెవికి ఆనించుకుంటే లోపల హార్డ్ డిస్క్ తిరుగుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. నిన్నే చూసినంత సంతోషమేసింది.

"అమ్మ వినడానికి దీనికో చిన్న స్పీకరు చూడరా" అని నువ్వు ఒక్క మాటలో చెప్పేశావు. నాకు మూడు వారాలు పట్టింది. అందులో ఉన్నవి సినిమా పాటలే అయితే ఏదో ఒకటి కొని పంపేసేవాణ్ని. కానీ మీ నాన్నగారు నాటకంలో పాడిన పద్యాలున్నాయి కదరా. ఆ క్యాసెట్‌ని మనిద్దరం 2009లో అమీర్‌పేట రూములో రాత్రంతా కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించాం, గుర్తుందా? రెండు వైపులా కలిపి గంటన్నర. తెనాలి పక్కన తిరునాళ్లలో ఎవరో స్టేజీ ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టిన నాటకం. అమ్మకి కావలసింది అదే. అందుకే ఏ స్పీకరు తెచ్చినా ముందు అదే పెట్టి విన్నాను.

మొదట పై వాటా కుర్రాడి బ్లూటూత్ స్పీకరు అడిగి తెచ్చాను. నీ ఐపాడ్‌లో బ్లూటూత్ లేదు కాబట్టి వైరు పెట్టాల్సిందే. ఆ స్పీకరుకి వైరు గుచ్చే ఆక్స్ సాకెట్ ఉంది కానీ, ఇప్పుడొస్తున్న వాటిలో చాలావాటికి అది తీసేశారు మావా. కొనేముందు డబ్బా వెనక చూసుకోకపోతే అంతే సంగతులు. ఐపాడ్‌కి తగిలించే చిన్న బ్లూటూత్ ముక్కలు కూడా దొరుకుతాయి గానీ, వాటికి మళ్లీ వేరే ఛార్జింగ్. అమ్మకి అంత తంటా పెట్టడం నాకిష్టం లేకపోయింది.

ఆ కుర్రాడి స్పీకరులో కొత్త సినిమా పాట పెడితే బల్ల అదిరింది. నాన్నగారి పద్యం పెట్టేసరికి గొంతు కుండలోంచి వస్తున్నట్టుంది. అరచేతిలో పట్టే డబ్బాలోంచి బేస్ రప్పించడానికి రెండు పక్కలా రబ్బరు పొరలు పెడతారు, పాట వస్తున్నప్పుడు ఊగుతుంటాయి చూడు. దానికి తోడు కింది స్వరాలన్నీ పెంచేస్తారు. అక్కడే మగ గొంతులోని బరువు, హార్మోనియం శ్రుతి, తబలా ఎడమ చేతి దెబ్బ, మూడూ ఉంటాయి. అన్నీ కలిసి ముద్దైపోయాయి. పద్యంలో మాట అర్థం కాకపోతే ఇంకేముంది?

రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించాను. పన్నెండు గంటలు పాడుతుందని డబ్బా మీద రాశారు. మన వసారాలో వినిపించేంత సౌండు పెడితే నాలుగున్నర గంటలకే ఆగిపోయింది. ఆ గంటల లెక్క మామూలుగా తక్కువ సౌండు మీద వేస్తారట. ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఐపాడ్‌నీ స్పీకరునీ ఒకే ఛార్జర్‌కి తగిలించి, మధ్యలో ఆక్స్ వైరు ఉంచితే వెనకాల "మ్‌మ్‌మ్" అని ఒకటే మోత. ఒకదాని ఛార్జింగ్ పీకితే టక్కున ఆగిపోతుంది. ఇది దేనికైనా జరగొచ్చు, అందుకే అమ్మకి చెప్పాల్సిన మాటల్లో ఇదొకటి: పాడుతున్నప్పుడు రెండింటినీ కలిపి ఛార్జింగ్ పెట్టొద్దని. అసలు దాన్ని వెనక్కి పంపడానికి కారణం వేరే. దాని పై స్వరాలు మరీ పదును. క్యాసెట్‌లో ఉండే "స్‌స్‌స్" అనే రొద అంతా ముందుకొచ్చి కూర్చుంది. పెనం మీద నీళ్లు చల్లినట్టు.

తర్వాత కోఠి వెళ్లాను, గుజరాతీ గల్లీకి. అక్కడ ఒక పాత డాక్ స్పీకరు కనిపించింది. ఐపాడ్‌ని నిలబెట్టి గుచ్చేవి ఉండేవి చూడు, అది. 2003లో ఆ వెడల్పాటి 30 పిన్నుల సాకెట్ వచ్చింది. 2012లో ఆపిల్ దాన్ని మార్చేయడంతో ఇలాంటివన్నీ మూలపడ్డాయి. నిజం చెప్తున్నా, గొంతు చాలా శుభ్రంగా పలికింది. మనసు దానిమీదే ఉండిపోయింది. కానీ దాని అడాప్టర్ పోతే మళ్లీ దొరకదు, లోపల బ్యాటరీ లేదు. మన ఊళ్లో కరెంటు పోయినప్పుడే కదా అమ్మ వసారాలోకొచ్చి కూర్చునేది!

అదే షాపులో నాలుగోది దొరికింది. అడ్డంగా, ఇటుక సైజులో ఉంది. ముందువైపు రెండు స్పీకర్లు, ఆక్స్ సాకెట్, తిప్పే వాల్యూమ్ గుండీ. వాట్లు పదే. పక్కనున్నది ఇరవై వాట్లు, అది తీసుకోమన్నాడు షాపాయన. వాట్లు రెట్టింపైతే సౌండు రెట్టింపు కాదు మావా, సౌండు కొలతలో పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. స్పీకరుని గోడకి దగ్గరగా జరిపితే బేస్ దానంతటదే పెరుగుతుంది, పైసా ఖర్చు లేదు. స్టీరియో గురించి కూడా నేను పట్టించుకోలేదు. రెండు స్పీకర్లూ జానెడు దూరంలో ఉంటే కుడి ఎడమలు ఎక్కడ తెలుస్తాయి? పైగా ఆ టేపు ఒక్క మైకుతో పట్టింది.

రాత్రి డాబా మీద గోడవార పెట్టి విన్నాను. ఐపాడ్ వాల్యూమ్ ముప్పాతిక దగ్గర ఉంచి, మిగతాది స్పీకరు గుండీతో సర్దాను. ఐపాడ్ ఈక్వలైజర్‌లో పై స్వరాలు తగ్గించే ట్రెబుల్ రెడ్యూసర్ అని ఒకటుంది, అది పెట్టగానే రొద వెనక్కి తగ్గింది. పద్యం చివర నాన్నగారు రాగం తీస్తారే, మధ్యలో ఒక్క క్షణం ఆగి గాలి పీల్చుకుంటారు. ఆ గాలి పీల్చిన చప్పుడు వినిపించింది మావా! ఆ వెంటనే జనంలోంచి ఎవరో "వన్స్ మోర్" అని అరుస్తారు, హార్మోనియం ఆయన మళ్లీ మొదటి స్వరం పట్టుకుంటాడు. మనం అన్నిసార్లు విన్నాం, ఆ ఊపిరి ఏనాడూ వినలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే నీకు ఫోన్ చేద్దామనుకున్నాను, అక్కడ నువ్వు ఆఫీసులో ఉండే టైమని ఊరుకున్నాను.

కొనేశాను. రెండు వేల ఎనిమిది వందలు, డబ్బుల మాట ఎత్తకు. వచ్చే శనివారం తెనాలి వెళ్లి నేనే అమ్మకి ఇచ్చి, వసారాలో గోడ పక్క బల్ల మీద పెట్టి చూపిస్తాను. ఐపాడ్‌ని స్పీకరు నెత్తిన పెట్టొద్దని నువ్వూ ఫోన్లో ఒకసారి చెప్పు, లోపలున్నది హార్డ్ డిస్క్, అదురుడు దానికి మంచిది కాదు. అమ్మ బటన్ ఫోన్ కూడా కాస్త ఎడంగా ఉంచాలి, లేకపోతే కాల్ వచ్చినప్పుడల్లా స్పీకరులో టకటకమంటుంది. ఆ పద్యాలు ఒక పెన్‌డ్రైవ్‌లోకి, నా కంప్యూటర్‌లోకి కూడా ఎక్కించి ఉంచాను. 2022లో ఆపిల్ ఐపాడ్లు అమ్మడం పూర్తిగా ఆపేసింది, ఇది పోతే ఇంకోటి కొనలేం.

అన్నట్టు, నువ్వు పంపిన ఛార్జింగ్ వైరు పిన్ను దగ్గర చిట్లింది. ప్రస్తుతానికి టేపు చుట్టాను. నీ దగ్గర పాతది ఇంకోటి ఉండాలి, సంక్రాంతికి వచ్చేటప్పుడు వెతికి తీసుకురా.

నీ
మావ