నీ పన్నెండుమంది దేవుళ్ళ గురించి

అమలాపురం

ఒరే బావా,

నీ కథ కోసం అల్లిన లోకం గురించి నువ్వు పంపిన కాయితాల కట్ట చేరింది, మొత్తం చదివాను. పన్నెండుమంది దేవుళ్ళు, ఒక్కొక్కళ్ళకీ ఓ రంగు, ఓ ఆయుధం, ఓ వాహనం. చదవడానికి బానే ఉంది గానీ, నీ లంకల్లో, అదే ఏటి మధ్య దీవుల్లో, బతికేవాడు పొద్దున్నే లేచి వీళ్ళలో ఎవరికి దణ్ణం పెడతాడో, దేనికి పెడతాడో ఒక్కచోటా రాయలేదు. నిప్పుకొకడు, గాలికొకడు, ప్రేమకొకత్తె అని పంచేశావు. దాంతో దేవుళ్ళకి శాఖలు వచ్చాయి గానీ జనానికి మతం రాలేదు.

నీ లోకమంతా డెల్టాయే కదా. ఏడు పాయలు, వరి చేలు, చివర సముద్రం. అలాంటిచోట భయాలు మూడే ఉంటాయి: ఎగువ నుంచి వరద, దిగువ నుంచి ఉప్పు, మధ్యలో మేట, అంటే పేరుకుపోయే ఒండ్రు. కాబట్టి ముగ్గురు చాలు. ప్రస్తుతానికి ఎర్రనీళ్ళమ్మ, పోటయ్య, మేటమ్మ అనుకుందాం. నచ్చకపోతే పేర్లు మార్చుకో, పనులు మాత్రం మార్చకు.

ఎర్రనీళ్ళమ్మతో మొదలెడతా. గోదారి మీద ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరు 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మన లంకల్లో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. నీ లోకంలో కొలబద్ద లేదు, రేడియో లేదు. విగ్రహాన్నే కొలబద్ద చెయ్యి. రేవు మెట్ల మీద అమ్మవారు నిలబడి ఉంటుంది. పాదాలు తడిస్తే లంకల్లోని పశువుల్ని గట్టెక్కించాలి. మోకాళ్ళు మునిగితే విత్తనాల ధాన్యం, ముసలివాళ్ళు, పసిపిల్లలు కదలాలి. బొడ్డు దాటిందా, ఊరు ఖాళీ. వానాకాలమంతా రాత్రిళ్ళు ఇద్దరు దీపంతో అక్కడ కూర్చుంటారు. ఒకడు నిద్రపోతే రెండోవాడు ఉండాలిగా. పాదాలకి ఒక శంఖం, మోకాళ్ళకి రెండు, బొడ్డుకి ఆగకుండా ఊదడమే. అర్చన, అభిషేకం ఎలా ఉన్నా సరే, ఈ కాపలా తప్పితే మాత్రం మహాపాపం. నీ కథలో పాపమంటే ఏమిటో ఇక్కడ తేలిపోతుంది.

ఇప్పుడు ఇందులో ఏం చెడుతుందో చూడు. పాయ మొగ దగ్గర, అంటే సముద్రంలో కలిసేచోట, మేట వేస్తుంది. పాయ పొడుగవుతుంది, వాలు తగ్గుతుంది, నీటి వడి తగ్గుతుంది, వడి తగ్గితే ఇంకా మేట వేస్తుంది. రెండు పక్కలా గట్లు కట్టేసి ఉంటే మట్టి చేల మీదకి పోలేక నది అడుగునే పడుతుంది. మూడు తరాలు గడిచేసరికి మామూలు వరదకే అమ్మవారి మోకాళ్ళు మునుగుతాయి. ఉత్తినే శంఖాలు మోగుతుంటే జనం లేవడం మానేస్తారు. అప్పుడు ఊళ్ళో రెండు జట్లు పుడతాయి. విగ్రహాన్ని రెండు మెట్లు పైకి జరపాలనేవాళ్ళు ఒకపక్క, అమ్మని కదిపితే వంశం నిలవదనేవాళ్ళు ఇంకోపక్క.

ఎవరిది ఒప్పు? గట్టు ఎత్తు చూసి చెప్పాలి. విగ్రహాన్ని జరిపినంత మేర గట్టునీ ఎత్తుచేసిన ఊళ్ళో మొదటి జట్టు మాట నిజం. గట్టు పాతదే ఉంచి విగ్రహాన్ని మాత్రం జరిపిన ఊళ్ళో అమ్మవారి పాదాలు తడిసేసరికే ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చేస్తాయి. అంటే ఒకే నది, ఒకే దేవత, ఒకే వాదం, కానీ గట్టు ఎత్తుచేసిన ఊరికి ఒప్పయింది చెయ్యని ఊరికి చావవుతుంది. నీ మత కలహం ఇక్కడ పెట్టుకో. నువ్వు రాసిన ‘వెలుగు సైన్యం, చీకటి సైన్యం’ గొడవ తీసెయ్ బావా, ఎందుకు కొట్టుకుంటున్నారో వాళ్ళకే తెలిసినట్టు లేదు.

పోటయ్య కాస్త గమ్మత్తైనవాడు. వేసవిలో నదిలో నీరు తగ్గగానే ఉప్పునీరు ఎదురెక్కుతుంది. ఉప్పునీరు బరువు గనక మంచినీటి కిందనుంచి పాకుతూ వస్తుంది. పైన తీస్తే తియ్యగానే ఉంటుంది, అడుగున ఉప్పెక్కిపోయి ఉంటుంది. అంచేత పూజారి పని రుచి చూడడం. మూతి చిన్నదైన కుండకి బిరడా పెట్టి, లోపల గాలికి తేలకుండా కుండ అడుగుకి రాయి కట్టి, తాడుతో అడుగుకంటా దింపుతాడు. బిరడాకి కట్టిన రెండో తాడు లాగితే అడుగు నీళ్ళు కుండలోకి వెళ్తాయి. పైకి తీసి నాలిక మీద వేసుకుని, చేలకి నీళ్ళు వదలొచ్చో లేదో అందరి ముందూ చెప్తాడు. పోటు నిండుగా ఉన్నప్పుడే ఇది చెయ్యాలి. పాటులో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, చేస్తే ఉప్పు వెనక్కి పోయి ఉంటుంది, మాట అబద్ధమవుతుంది, వదిలిన చేను చౌడెక్కుతుంది. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది గనక, ‘రోజూ సూర్యోదయానికి’ అని నువ్వు పెట్టిన పూజ వేళ ఇక్కడ పనికిరాదు. లంచం మింగిన పూజారి కావాలంటే పైనీళ్ళు తాగించు చాలు, ఎవడికీ అనుమానం రాదు.

నీ లోకంలో చంద్రులు ఇద్దరన్నావు, ఇప్పుడు నీ పంచాంగం లెక్క చూద్దాం. ఒకడు 24 రోజులకి, ఇంకొకడు 30 రోజులకి చుట్టొస్తే ఇద్దరూ 120 రోజులకోసారి కలుస్తారు. ఏడాదికి మూడు కలయికలకి 360 రోజులు. నీ ఏడాదేమో 365. పండగ ఏటా అయిదు రోజులు ముందుకొచ్చేస్తుంది, ఆరేళ్ళకి నెల. కోతల పండగ వచ్చేనాటికి చేలో వెన్ను అప్పుడే పైకొస్తుంటుంది. మనకీ ఈ బాధ ఉంది. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే గనక సుమారు 32, 33 నెలలకోసారి అధిక మాసం వేసుకుంటాం. నువ్వు అధికం వెయ్యక్కర్లేదు. కోతల పండగని చంద్రుల నుంచి విడదీసి పంటకి కట్టెయ్, కలయికల్ని పోటయ్యకి ఇచ్చెయ్. ఇద్దరూ ఒకవైపు కలిసినా, ఎదురెదురుగా నిలిచినా పోటు పెరిగేదే కాబట్టి 60 రోజులకోసారి ఆయన జాతర. లెక్క కుదిరిపోయింది.

ఆదాయం సంగతి ఒక్క ముక్కయినా రాయలేదేంట్రా నువ్వు? ఊరికి 200 గడపలనుకో, గడపకి రెండేసి కుంచాల ధాన్యం. మొత్తం 400 కుంచాలు, అంటే నాలుగు కుంచాలకి తూము చొప్పున నూరు తూములు, ఇరవై తూములకి పుట్టి చొప్పున అయిదు పుట్లు. పూజారికి రెండు పుట్లు, పడవవాళ్ళకి ఒకటి, జాతర అన్నానికి ఒకటి, గాదెలో చెడ్డ ఏటికి ఒకటి. వరదొచ్చి సగం గడపలే ఇవ్వగలిగితే రెండున్నర పుట్లే. ఎవరి వాటా కోస్తారు? పడవవాళ్ళది కోస్తే వచ్చే వరదకి పడవ ఉండదు. జాతర అన్నం కోస్తే అమ్మకి కోపమొచ్చిందంటారు. అయిదు పేజీల రచ్చబండ సీను నీకు ఉత్తినే వచ్చింది.

దేవుళ్ళకి చుట్టరికాలు కూడా కావాలి. కనుమనాడు జగ్గన్నతోటలో ఏం జరుగుతుందో నీకు తెలీనిదా. అక్కడ గుడే లేదు, కొబ్బరితోట. పదకొండు ఊళ్ళ రుద్రులు, అంటే శివుళ్ళు, వెదురు చట్రాలకి రంగుబట్టలు కట్టిన ప్రభల మీద వస్తారు. వ్యాఘ్రేశ్వరం ప్రభ రాగానే మిగతావాటిని పైకి లేపి మర్యాద చేస్తారు. గంగలకుర్రు వాళ్ళు ప్రభని కౌశిక ఏరు దాటించి చేలకి అడ్డంపడి తెస్తే, తొక్కిన చేను గలవాడు సంతోషిస్తాడు. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరి చేలోంచి దారి అన్నవి రాసుకుంటే చాలు, నీ పురాణం సగం పూర్తయినట్టే.

కొత్త దేవుళ్ళు పుట్టడానికీ చోటుంచు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొరకి గోదారి స్నానంలో తర్పణం వదిలేవాళ్ళు మనలో ఉన్నారు, ఆయన పుట్టిందేమో ఇంగ్లీషు ఇంట్లో. చచ్చిపోయే దేవుళ్ళు కూడా కావాలి. మన సప్త గోదావరుల్లో, అదే గోదారి ఏడు పాయల్లో, కొన్ని ఇప్పుడు మురుగు కాలవంత. అయినా సప్తసాగర యాత్ర చేసేవాళ్ళు ఆ పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్లా మునుగుతూనే ఉన్నారు. నీ ఏడో పాయని మేటమ్మ మూసేస్తే అక్కడి గుళ్ళో పూజారి చెంబుతో నీళ్ళు మోసుకొచ్చి విగ్రహం కాళ్ళ దగ్గర పోస్తాడు, జీతం మాత్రం ఆరో పాయ ఊళ్ళు ఇవ్వాలి. మేం ఇవ్వం అంటాయి అవి, అది వేరే తగువు.

ఒట్లు, తిట్లు అన్నీ నీటి నుంచే తీసుకో. ‘నీ నోట ఉప్పు పడ’ అంటే నీ లోకంలో అంతకుమించిన తిట్టుండదు.

ముందు మ్యాపు మళ్ళీ వేసి పంపు. ఏ ఊరి గట్టు ఎంత ఎత్తో అంకెలు వెయ్యడం మర్చిపోకు, రేవులన్నీ గుర్తుపెట్టు. ఆ పన్నెండుమంది బొమ్మల కాయితాలు ప్రస్తుతానికి నా దగ్గరే ఉంచుతున్నా, లేకపోతే మళ్ళీ కథలోకి తెచ్చేస్తావు.

చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

ఇట్లు
నీ బావ