చవక ఇయర్‌బడ్స్‌ను ఎలా పరీక్షించాలి: సంపాదకులకు ఒక వినతి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక సాంకేతిక పేజీలో రెండు వేల రూపాయల లోపు దొరికే వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ గురించి వస్తున్న పరిచయాలను నేను శ్రద్ధగా చదువుతున్నాను. ధ్వనిని పుట్టించే డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లు, బ్యాటరీ మొత్తం ఎన్ని గంటలు, బ్లూటూత్ ఏ వెర్షన్ అన్న వివరాలు ప్రతి మోడల్‌కూ తప్పకుండా ఉంటున్నాయి. అవి చెవిలో నిలుస్తాయా, మాట స్పష్టంగా వినిపిస్తుందా, బస్టాండులో నిలబడి ఫోన్ చేస్తే మన మాట అవతలివారికి చేరుతుందా అన్నవి మాత్రం కనిపించడం లేదు. పెట్టె మీద అచ్చయిన అంకెలు కొనేవారి కళ్ల ముందు ఎలాగూ ఉంటాయి. వాటిని విని, వాడి చూసినవారి మాట కోసమే పాఠకులు పత్రిక తెరుస్తారు. డిగ్రీ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ బోధిస్తున్న నన్ను విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ ఏ జత కొనాలని తరచుగా అడుగుతుంటారు కాబట్టి, ఈ పరీక్ష ఎలా జరిగితే వారికి ఉపయోగమో మీ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2016 చివర్లో ఆపిల్ ఎయిర్‌పాడ్స్ మార్కెట్లోకి వచ్చినప్పుడు తీగ లేని ఇయర్‌ఫోన్ సంపన్నుల వస్తువు. ఈ రోజు బోట్, నాయిస్, రియల్‌మీ, రెడ్‌మీ వంటి పేర్లతో వెయ్యి నుంచి రెండు వేల రూపాయలకే అది దొరుకుతోంది. చాలా ఫోన్లలో తీగ గుచ్చుకునే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం కూడా లేకుండా పోవడంతో పోటీ పరీక్షల పాఠాలు వినే అభ్యర్థులకు, దారి చూపే యాప్ మాట వింటూ ఇళ్లకు సరుకులు చేర్చే యువకులకు, ఆకాశవాణి వార్తలు వినే పెద్దలకు ఇది రోజువారీ అవసరమైంది. పన్నెండు వందల రూపాయలు వీరిలో చాలామందికి చిన్న మొత్తం కాదు.

ముందుగా ఆ అంకెల సంగతి చెబుతాను. 13 మిల్లీమీటర్ల డ్రైవర్ 10 మిల్లీమీటర్ల డ్రైవర్ కన్నా మెరుగైనదని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. ధ్వని నాణ్యత డ్రైవర్‌లో కంపించే పొర తయారీ మీద, దాని వెనుక గాలి కదిలే చోటు మీద, ఏ ధ్వని ఎంత వినిపించాలో కంపెనీ చేసిన సర్దుబాటు (ట్యూనింగ్) మీద ఆధారపడుతుంది. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు పలుకుతుందన్న వాక్యం కూడా, ఆ పరిధిలో ధ్వని ఎన్ని డెసిబెల్స్ హెచ్చుతగ్గులతో వస్తుందో చెప్పనంతవరకు, ఏమీ చెప్పనట్టే. 'మొత్తం 50 గంటలు' అన్నది చార్జింగ్ కేసును మళ్లీ మళ్లీ వాడితే వచ్చే లెక్క. చెవిలో పెట్టుకున్న జత ఒక్క చార్జింగ్‌తో ఎంతసేపు నడుస్తుందో వేరుగా చూడాలి, అది కూడా సగం వాల్యూమ్‌లో, బయటి రొదను తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేసి కొలిచిన సంఖ్యే చాలాసార్లు పెట్టె మీదికి ఎక్కుతుంది.

వీటన్నిటికన్నా ఎక్కువమందిని తికమక పెడుతున్నవి ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్), ఈఎన్‌సీ (ఎన్విరాన్‌మెంటల్ నాయిస్ క్యాన్సిలేషన్) అనే రెండు సంక్షిప్త పదాలు. మొదటిది వినేవారి కోసం: బయటి రొదను మైకు ద్వారా గ్రహించి, దానికి విరుద్ధమైన ధ్వని తరంగాన్ని పుట్టించి, మన చెవికి చేరే రొదను తగ్గిస్తుంది. రెండవది మన మైకులోంచి అవతలివారికి వెళ్లే మాటలో రొద తగ్గించే ఏర్పాటు మాత్రమే. దానివల్ల మనకు బస్సు ఇంజన్ చప్పుడు రవ్వంత కూడా తగ్గదు. వెయ్యి రూపాయల మోడళ్లలో చాలావాటికి రెండవదే ఉంటుంది. పెట్టె మీద 'నాయిస్ క్యాన్సిలేషన్' అన్న రెండు మాటలు పెద్దవిగా, ముందున్న ఒక్క అక్షరం చిన్నదిగా అచ్చయి ఉంటే కొనేవారు మోసపోవడంలో ఆశ్చర్యం లేదు. మీ సమీక్షకులు ప్రతి మోడల్‌కూ ఈ తేడాను తేటతెల్లంగా రాస్తే అదొక్కటే వేలమంది పాఠకులకు మేలు చేస్తుంది.

ఇక అసలు పరీక్షకు వస్తే, మొదట చూడవలసింది చెవి రంధ్రాన్ని సిలికాన్ టిప్ సరిగా మూస్తుందా లేదా అన్నది. చిన్న సందు మిగిలినా బేస్, అంటే మంద్రమైన ధ్వని, బయటికి జారిపోతుంది, పాట పలచగా, గరగరలాడుతూ వినిపిస్తుంది. ఒకే మోడల్ గురించి ఒకరు బ్రహ్మాండమనీ ఇంకొకరు బేస్ లేదనీ చెప్పడానికి తరచుగా కారణం ఇదే. పెట్టెలో మూడు కొలతల టిప్స్ ఇస్తారు, కానీ చాలామంది తగిలించి వచ్చిన మధ్యస్థం జతను మార్చనే మార్చరు. ఇద్దరు ముగ్గురు వేర్వేరు మనుషులు, వీలైతే చిన్న చెవులున్న ఒక మహిళ కూడా, మూడు కొలతలూ పెట్టి చూసి, నడుస్తూ, మాట్లాడుతూ, ఏదైనా నములుతూ ఉన్నప్పుడు అవి జారుతున్నాయో లేదో రాయాలి. హెల్మెట్ తొడుక్కునేటప్పుడు బడ్ మీద తాకితే పనిచేసే టచ్ మీట నొక్కుకుపోయి పాట ఆగిపోవడం, ఎవరికో ఫోన్ కలిసిపోవడం కూడా పరీక్షించదగిన విషయాలే. హెల్మెట్ మాట ఎత్తానని, బండి నడుపుతూ వినమని నేను అనడం లేదు. ట్రాఫిక్‌లో చెవులు మూసుకోవడం ప్రమాదం.

రెండు చెవులూ సమానంగా పలుకుతున్నాయా అని చూడడానికి మన దగ్గర చక్కని సాధనం ఉంది. ఘంటసాల గారి కాలపు పాటల్లో అత్యధికం మోనో రికార్డింగులు. రెండు వైపులా ఒకే ధ్వని వస్తుంది కాబట్టి గొంతు సరిగ్గా తల నడుమ నిలిచినట్టు వినిపించాలి. అది ఒక పక్కకు ఒరిగితే ఒక టిప్ సరిగా కూర్చోలేదన్న మాట, లేదా ఆ జతలో రెండు డ్రైవర్లూ సరితూగడం లేదన్న మాట. చవక మోడళ్లలో ఈ రెండవ లోపం అరుదేమీ కాదు. ఏ పరికరమూ లేకుండా ఏ పాఠకుడైనా ఇంట్లో చేసుకోగల పరీక్ష ఇది.

ట్యూనింగ్ విషయంలో సమీక్షలు 'బేస్ అదిరింది' అన్న దగ్గర ఆగిపోతున్నాయి. ఈ ధరలో బేస్ లేని జత దొరకడమే కష్టం. దాదాపు అన్నిటికీ అది మోతాదు మించి ఉంటుంది, ఆ పొంగు కింద గొంతులోని వివరం కప్పుకుపోతుంది. కొత్త సినిమా పాటలో అది ఇంపుగా ఉండవచ్చు. కర్ణాటక కచేరీ పెడితే అసలు స్వరూపం బయటపడుతుంది. మృదంగంలో తొప్పి వైపు నాదం ఉబ్బి గాత్రం మీద పడుతుంది, తంబుర శ్రుతి మసకబారుతుంది, వీణ మీద గమకం చివర మెల్లగా కరిగే ధ్వని అసలు వినిపించదు. మాటకైతే వార్తలు పెట్టి వినాలి. కొన్ని కంపెనీలు స్పష్టత ఉన్నట్టు భ్రమ కలిగించడానికి 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వనిని ఎత్తి ఉంచుతాయి, దాంతో స, శ, ష వచ్చినప్పుడల్లా చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. మూడు గంటల పాఠం వినే విద్యార్థికి తలనొప్పి తెచ్చేది ఇదే. యాప్‌లో ఈక్వలైజర్, అంటే హెచ్చు, తగ్గు స్థాయి ధ్వనులను విడివిడిగా సర్దుకునే ఏర్పాటు, ఉంటే దీన్ని కొంత సరిచేయవచ్చు, కాబట్టి ఈక్వలైజర్ ఉందా, అందులో మనకు నచ్చినట్టు పట్టీలు జరుపుకోవచ్చా, లేక కంపెనీ ఇచ్చిన నాలుగైదు అమరికలే దిక్కా అన్నది కోడెక్ (బ్లూటూత్‌లో ధ్వనిని కుదించి పంపే పద్ధతి) పేరు కన్నా ముఖ్యమైన సమాచారం. ఎల్‌డ్యాక్ అనే కోడెక్ ఉందని మురిసిపోవలసిన పని ఈ ధరలో లేదు. సాధారణ కోడెక్‌లైన ఏఏసీ, ఎస్‌బీసీలతోనే మంచి ట్యూనింగ్ ఉన్న జత హాయిగా పలుకుతుంది.

ఫోన్ మాటల గురించి ఒక సాంకేతిక విషయం పాఠకులకు తెలియాలి. పాట వినేటప్పుడు ఒక పద్ధతిలో పనిచేసే బ్లూటూత్, మైకు తెరుచుకోగానే మరో పద్ధతికి మారుతుంది. ఆ పద్ధతిలో ధ్వనిని సాధారణంగా సెకనుకు 16 వేల నమూనాలుగానే పంపుతుంది, అంటే 8 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వని ఉండదు. ఆన్‌లైన్ తరగతిలో మైకు తెరవగానే గురువు గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు మారడం జత చెడిపోయిందనడానికి గుర్తు కాదు. మైకును నిశ్శబ్దమైన గదిలో పరీక్షించడం వల్ల ప్రయోజనం లేదు. రద్దీ వేళ దిల్‌సుఖ్‌నగర్ కూడలిలోనో విజయవాడ బస్టాండు ప్లాట్‌ఫారం మీదనో నిలబడి మాట్లాడి, అవతలి ఫోన్‌లో రికార్డు చేసి వినాలి. ఫ్యాను కింద కూర్చుని కూడా ఒకసారి మాట్లాడి చూడాలి. ఆ గాలి మైకులో పడి మాటను మింగేయడం మన ఇళ్లలో రోజూ జరిగేదే.

చెవి ఆరోగ్యాన్ని వేరే పేజీకి వదిలేయకండి, అది ఈ పరీక్షలో భాగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ వరకు సురక్షితమని చెబుతోంది. ధ్వని 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 89 డెసిబెల్స్ వద్ద మిగిలేది వారానికి 5 గంటలే. పిల్లలకు పరిమితి ఇంకా తక్కువ, 75 డెసిబెల్స్. టిప్ సరిగా మూయని జత పెట్టుకుని మెట్రోలోనో ఆర్టీసీ బస్సులోనో ప్రయాణించేవారు రొదను అధిగమించడానికి వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు. బయటి చప్పుడును మామూలుగానే బాగా అడ్డుకునే జత, లేదా నిజంగా పనిచేసే ఏఎన్‌సీ ఉన్న జత, సగం వాల్యూమ్‌తోనే సరిపోతుంది. అందుకే ప్రయాణం ఎక్కువగా చేసేవారు మూడు నాలుగు వందలు అదనంగా పెట్టవలసి వస్తే ఈ ఒక్క గుణం కోసమే పెట్టాలన్నది నా దృఢమైన అభిప్రాయం. అలాగే బాగా తక్కువ వాల్యూమ్‌లో ఎలా వినిపిస్తుందో కూడా రాయండి. కొన్ని జతల్లో వాల్యూమ్‌ను అన్నిటికన్నా కింది మెట్టులో పెట్టినా రాత్రి పడుకుని వినడానికి ధ్వని ఎక్కువే.

వస్తువు ఎంతకాలం మన్నుతుందన్నది పరిచయాల్లో బొత్తిగా లేని అంశం. ఒక్కో బడ్‌లోని లిథియం బ్యాటరీ సామర్థ్యం సుమారు 30 నుంచి 60 మిల్లీ ఆంపియర్ అవర్లే. రోజూ చార్జ్ చేస్తే ఒకటి రెండేళ్లలో అది బలహీనపడడం సహజం, దాన్ని మార్చే వీలు దాదాపు ఏ కంపెనీ కల్పించడం లేదు. ఒక బడ్ పోగొట్టుకుంటే అదొక్కటే అమ్ముతారా, సర్వీస్ కేంద్రం జిల్లా కేంద్రంలో ఉందా, కొరియర్‌లో పంపాలా అన్నది ఫోన్ చేసి కనుక్కుని రాయాలి. ఐపీఎక్స్4 అంటే చిందిన నీటి తుంపరల నుంచి రక్షణ మాత్రమేననీ, అది సాధారణంగా చార్జింగ్ కేసుకు వర్తించదనీ చెప్పాలి. చెమట తడితోనే కేసులో పెట్టడం వల్ల చార్జింగ్ పిన్నులు పాడవుతాయి. ఒక వైపు ధ్వని తగ్గిందని కొత్త జత కొనేముందు జాలీలో గులిమి పేరుకుందేమో చూసి, మెత్తని పొడి బ్రష్‌తో శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు భారతీయ ప్రమాణాల సంస్థ తప్పనిసరి నమోదు జాబితాలో ఉన్నాయి. ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అది భద్రతకు సంబంధించిన గుర్తే గాని ధ్వని నాణ్యతకు హామీ కాదు; అయినా ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, ఆ సంఖ్య లేని జతను పిల్లల చెవుల్లో పెట్టనివ్వకూడదు. బిల్లు తీసుకోవడం, వారంటీ నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయడం కూడా సమీక్ష కింద ఒక వాక్యంగా వేయవచ్చు.

చివరగా రెండు విజ్ఞప్తులు. ఐదారు వేలు గరిష్ఠ చిల్లర ధరగా అచ్చువేసి పన్నెండు వందలకు అమ్మే పద్ధతి ఈ వ్యాపారంలో మామూలైంది కాబట్టి, తగ్గింపు శాతం ముద్రించకుండా, పరీక్షించిన రోజున చెల్లించవలసిన ధరను తేదీతో సహా ఇవ్వండి. ఆ జతను పత్రిక కొన్నదో, కంపెనీ ఇచ్చిందో కూడా తెలపండి. మీరు మెచ్చుకున్న జతలను కార్యాలయంలో ఎవరో ఒకరి చేత రోజూ వాడించి, ఏడాది తర్వాత బ్యాటరీ ఎంతసేపు నిలుస్తోందో, రెండు వైపులా సమానంగా పలుకుతున్నాయో లేదో మళ్లీ రాయండి.

భవదీయుడు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు, హనుమకొండ