గుండె జబ్బున్న గర్భిణిని మత్తు వైద్యులు ముందే చూడాలి

సంపాదకులకు నమస్కారం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఈ సంఖ్యల మీద జరుగుతున్న చర్చలో, అదే ఆపరేషన్ ప్రాణం మీదికి తెచ్చే గుండె రోగుల ప్రస్తావన దాదాపు కనిపించకపోవడం బాధాకరం.

చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరంతో (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చి గుండెను దెబ్బతీసే జ్వరం) గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకైన స్త్రీలలో చాలామందికి ఆ సంగతి కడుపుతో ఉన్నప్పుడే బయటపడుతుంది. గర్భిణి ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం వరకు పెరుగుతుంది. ఇరుకు కవాటం గుండా అంత రక్తం సాగక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ ఆయాసాన్ని నెలలు నిండుతున్నాయి కదా అని ఇంట్లోవారే కాదు, కొన్నిచోట్ల వైద్య సిబ్బందీ తేలిగ్గా తీసుకుంటున్నారు.

వెన్నులో ఒకేసారి పూర్తి మోతాదులో ఇచ్చే మత్తు ఆరోగ్యవంతులకు సురక్షితమే. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని అయోర్టిక్ కవాటం బాగా ఇరుకైన స్త్రీకి మాత్రం అది రక్తపోటును హఠాత్తుగా పడగొట్టి, గుండె కండరానికే రక్తం చాలకుండా చేయగలదు. అటువంటివారికి వెన్నులో నరాల పొర వెలుపల అమర్చే సన్నని ఎపిడ్యూరల్ గొట్టం ద్వారా కొద్దికొద్దిగా మందు ఎక్కిస్తూ, ధమనిలో పెట్టిన సన్నని గొట్టంతో రక్తపోటును క్షణక్షణం గమనించాలి. కొందరికి స్పృహ లేకుండా చేసే పూర్తి మత్తే మేలు. కృత్రిమ కవాటం కారణంగా, రక్తం గడ్డకట్టకుండా చేసే ఎనాక్సపారిన్ మందును పూర్తి మోతాదులో తీసుకుంటున్నవారికి, చివరి ఇంజెక్షన్ తర్వాత 24 గంటలు గడవనిదే వెన్నులో సూది వేయరాదు. బిడ్డ పుట్టాక గర్భసంచి ముడుచుకునేందుకు ఇచ్చే ఆక్సిటోసిన్‌ను సైతం నెమ్మదిగానే ఎక్కించాలి. అర్ధరాత్రి ఆపరేషన్ బల్ల మీద ఆమెను తొలిసారి చూసిన మత్తు డాక్టరు, ఎంత అనుభవజ్ఞులైనా, ఇన్ని నిర్ణయాలు అప్పటికప్పుడు తీసుకోవలసి రావడం అన్యాయం.

ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద జరిగే పరీక్షల్లో గుండె చప్పుడు తేడాగా ఉన్నా, పడుకుంటే ఆయాసం వస్తోందన్నా వెంటనే ఎకో (గుండె స్కానింగ్) చేయించాలి. జబ్బు తేలితే ప్రసూతి, గుండె, మత్తు వైద్యులు కలిసి కాన్పు ఎక్కడ, ఎలా అన్నది ముందుగానే రాసి ఆమె చేతికివ్వాలి. గుండె జబ్బు ఉందంటే సిజేరియన్ తప్పదనుకోవడమూ సరికాదు. ఎపిడ్యూరల్‌తో నొప్పులు తగ్గించి సహజ కాన్పు చేయడమే వారిలో చాలామందికి మంచిది.

కాన్పు కాగానే గర్భసంచి ముడుచుకుని, అందులోని రక్తం ఒక్కసారిగా గుండె వైపు మళ్లుతుంది. తీవ్రమైన జబ్బున్నవారిని ఆపరేషన్ అయిన కొద్ది గంటలకే వార్డుకు మార్చకుండా, కనీసం రెండు మూడు రోజులు ఐసీయూలో ఉంచేలా ఉభయ రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఆదేశించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత మత్తు వైద్యురాలు, కాకినాడ