గ్రూపులోంచి వెళ్లిపోయిన స్వప్నకు

చిరంజీవి స్వప్నకు అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ పెద్దనాయిన కోడలు సుజాత ఉంది కదా, వాళ్ల తమ్ముడు బెంగళూరు వస్తున్నాడంటే అతని చేతికి సకినాలు, అరిసెలు, ఒక సీసా చింతకాయ తొక్కు ఇచ్చి పంపుతున్నా. సకినాలు పైన పెట్టాను, డబ్బా తలకిందులు చేశావంటే పొడి మిగులుతుంది. వాము కాస్త ఎక్కువే వేశాం, నీ కడుపు సంగతి తెలుసు కాబట్టి. ఆఫీసులో అందరికీ పంచి చివర్లో ఖాళీ డబ్బా చూసుకోకు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అని పెట్టేస్తున్నావు. కాగితాన్నైతే నడుమ కట్ చేయలేవు కదా, అందుకే రాస్తున్నా.

పల్లి ఊడలు దిగింది. అడవి పందులు పడుతున్నాయని మీ నాయిన రాత్రిళ్లు చేనికి పోతున్నాడు. మఫ్లర్ కట్టుకో అంటే వినడు, పొద్దున వచ్చి దగ్గుతాడు. మోటారు మళ్లీ కాలింది. అవ్వకు కంటి ఆపరేషన్ బాగా అయింది, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుంటే సినిమా హీరోయిన్ అని అందరూ నవ్వారు. ఫోటో మన ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నువ్వు చూసి ఉండవులే. దసరా నుంచి గ్రూపులో నీ పేరు పక్కన "లెఫ్ట్" అనే ముక్క తప్ప నీది ఇంకేమీ లేదు. ఆ సంగతి రాద్దామని కూర్చోలేదు, మాట వచ్చింది కాబట్టి అన్నాను.

నీ జుట్టు రాలడం తగ్గిందా? మొన్న హీమోగ్లోబిన్ 9 దగ్గరుందని నువ్వే చెప్పావు. ఐరన్ గోలీ టీతో వేసుకోకు, టీకి గోలీకి మధ్య కనీసం గంట తేడా ఉండాలి. నేను గర్భిణులందరికీ చెప్పే మాట ఇదే, నా కడుపున పుట్టిన దానికి చెప్పాల్సి వస్తోంది. నిమ్మకాయ పిండుకుని తిను.

ఇంకో మాట. "ఆ ఇంట్లో ఒక్కరికీ బుర్ర లేదు" అని నువ్వు ఎవరితోనో అన్నావట. అది చుట్టూ తిరిగి సుజాత చెవిన పడి, ఆమె నాతో అంది. అన్నావో లేదో నేను అడగడం లేదు. ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి పోయేసరికి మాట ఎంత పెరుగుతుందో నీకు నేను చెప్పాలా? మన ఇంట్లో ఫ్యాక్ట్ చెక్ చేసేది నువ్వే.

సరే, ఎట్లాగూ వచ్చింది కాబట్టి చెప్తా. మీ పెద్దనాయిన పెట్టిన వీడియో నేనూ చూశాను. రేషన్ బియ్యం వండి, ముద్ద చేసి, బండ మీద కొడితే బంతిలా ఎగురుతుంది, ప్లాస్టిక్ అని ఏడుపు గొంతుతో ఒకాయన చెప్తుంటాడు. దాని మీద రెండు బాణాల గుర్తు కూడా ఉంది, అంటే చాలా చేతులు మారి వచ్చిందన్నమాట. నువ్వు వెంటనే ఇంగ్లీషు లింక్ ఒకటి పడేసి, "లెక్కల సార్లు కూడా ఇవి నమ్ముతారా" అని రాసి, ఆయన జవాబిచ్చే లోపే వెళ్లిపోయావు. నీకు ఎక్కాలు నేర్పింది ఆయనే. సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని పదమూడో ఎక్కం చెప్పించేవాడు. నువ్వు చెప్పింది తప్పని నేననడం లేదు. బియ్యం విషయంలో నూటికి నూరు పాళ్లు నీదే రైటు.

మా అంగన్‌వాడీ సెంటర్‌కు ఆ బియ్యం మొదటిసారి వచ్చినప్పుడు నువ్వు హాస్టల్‌లో ఉన్నావు, నీకు తెలియదు. ఎల్లమ్మ చాటలో పోసి రాళ్లు ఏరుతూ "టీచరమ్మా, గిటు రా" అని పిలిచింది. చూస్తే మామూలు గింజల మధ్య అక్కడక్కడా వేరే గింజలు. కొంచెం పసుపు, మరీ నున్నగా, అన్నీ ఒకే పొడవు. గంజులో పోసి కడిగితే కొన్ని పైకి తేలాయి. ఎల్లమ్మ ఒకటి వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసి ఏమీ అనకుండా నా వైపు చూసింది. అప్పుడే పిల్లగాణ్ని దింపడానికి వచ్చిన కిష్టన్న కోడలు కూడా చూసింది. ఇంకేముంది, అన్నం ఉడికే లోపు వాడకట్టు వాడకట్టంతా తెలిసింది. తల్లులొచ్చి పిల్లలను చంకనెత్తుకుని పోతున్నారు. ఒకామె తన రేషన్ బియ్యంలోంచి ఏరిన గింజలు కొంగున ముడేసుకుని వచ్చి నా టేబుల్ మీద విప్పింది. "మా పిల్లలకు గిదా పెట్టేది?" అని అడిగింది. ఒక పోరడు జేబులోంచి లైటర్ తీసి గింజ కాల్చి, "చూడుండ్రి, మండుతున్నది" అన్నాడు. బియ్యం మండదా మరి!

సూపర్‌వైజర్ మేడమ్‌కు ఫోన్ చేశాను. "ఫోర్టిఫైడ్ అని చెప్పండి" అని పెట్టేసింది. చంకలో పిల్లను పెట్టుకుని నిలబడిన తల్లికి ఫోర్టిఫైడ్ అంటే ఏమని చెప్పాలి? పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఆ బియ్యం గురించి ఎన్ని మీటింగ్‌లు జరిగాయో గానీ, గింజ వేరేగా కనిపిస్తుందని తినేవాళ్లకు ముందుగా ఒక్క మాట చెప్పాలని ఎవరికీ తోచలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

నేను కిష్టన్న కోడలిని వాళ్లింటి నుంచే ఒక గ్లాసుడు బియ్యం తెమ్మన్నాను, వాళ్ల పొలంలో పండినవి. ఆ పోరడి లైటరే తీసుకుని రెండు రకాలూ కాల్చాం. రెండూ నల్లగా మాడి, అడుగంటిన అన్నం వాసన వచ్చింది. తర్వాత పాల ప్యాకెట్ ముక్క కాలిస్తే అది కరిగి బొట్టు బొట్టుగా కారింది, కంపు భరించలేక ఎల్లమ్మ కిటికీ తెరిచింది. ఆ తర్వాత రెండు బియ్యాలూ వేర్వేరుగా వండి ముద్దలు చేసి బండ మీద కొట్టమన్నాను. రెండూ ఎగిరాయి. గట్టిగా పిసికిన అన్నం ముద్ద ఏదైనా ఎగురుతుంది, దానిలో ఉన్న గంజి అట్లాంటిది. "నీ పొలంల ప్లాస్టిక్ పండుతుందా ఏందే" అని కిష్టన్న కోడలిని ఆటపట్టించి అందరూ నవ్వారు.

బాలకిష్టమ్మ మాత్రం నవ్వలేదు. "సరే, ప్లాస్టిక్ కాదు. మరి ఏంది?" అంది. అసలు ప్రశ్న అదే కదా. బియ్యాన్ని పిండి పట్టి, దానిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి, మిషన్‌లో మళ్లీ గింజ ఆకారంలో తీస్తారని, అట్లాంటివి వంద కిలోల బియ్యంలో ఒక కిలో కలుపుతారని చెప్పాను. సంచి మీద ప్లస్ ఎఫ్ గుర్తు చూపించాను. రక్తం తక్కువగా ఉండేవాళ్ల కోసమని చెప్పాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి, ఆరు నెలలు దాటిన ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందట. అంతా విని "గీ ముక్క ముందే చెప్పొద్దా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆమె మనవడి కంచంలోంచి ఆ గింజలు ఏరి పక్కన పెడుతుంది. కానీ వాణ్ని రోజూ పంపుతుంది.

చూడు, ఎక్కడి నుంచి ఎక్కడికి పోయానో. నేను చెప్పేది ఏంటంటే, మీ పెద్దనాయిన కళ్లు అబద్ధం చెప్పలేదు. గింజ నిజంగానే వేరేగా ఉంది. ఆయన చూసింది నిజం, దానికి ఎవరో అంటించిన కథ అబద్ధం. నీ లింక్‌లో ఎర్రగా పెద్ద "ఫేక్" ముద్ర ఉంది, ఆయన చూసిన దాని గురించి మాత్రం పైపైన రెండు ముక్కలు. థలసీమియా ఉన్నవాళ్లు ఐరన్ విషయంలో డాక్టర్‌ని అడగాలనే మాట కూడా అందులో లేదు. అది కూడా చెప్పాలి. మనకు అనుకూలమైన సగమే చెప్తే వాళ్లకూ మనకూ తేడా ఏముంటుంది?

2018 నీకు గుర్తుండే ఉంటుంది. పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా దిగిందని, పిల్లలను ఎత్తుకుపోతున్నారని ఊళ్లన్నీ ఊగిపోయాయి. బట్టలమ్ముకునే ఆమెను గుడి దగ్గర ఆపి ఆధార్ చూపించమన్నారు మన పోరగాళ్లు, కర్రలు పట్టుకుని. అప్పుడు తిరిగిన వీడియో, బైక్ మీద వచ్చి పిల్లాణ్ని లాక్కుపోయేది, కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార వీడియో. చివర్లో పిల్లాణ్ని తిరిగి దింపి అట్ట ముక్క మీద హెచ్చరిక చూపిస్తారు, ఆ తోకను ఎవరో కోసేశారు. అప్పుడు గద్వాల, వనపర్తి రెండింటికీ ఎస్పీగా రెమా రాజేశ్వరి మేడమ్ ఉండేది. ఊరూరా పోలీసులను పంపి, డప్పు కొట్టించి, మన యాసలోనే పాటలు పాడించి చెప్పించింది. జనం రచ్చబండ దగ్గర కూర్చుని విన్నారు, ప్రశ్నలడిగారు. ఆ ఏడాదే జులైలో పక్కనున్న బీదర్ జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారని హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీర్ పిల్లగాణ్ని కొట్టి చంపేశారు. కన్నతల్లి ఎట్లా తట్టుకుందో. ఆ వార్త చదివిన రాత్రి నువ్వు హాస్టల్ నుంచి ఫోన్ చేసే వరకు నాకు నిద్ర లేదు. నీకూ దానికీ ఏ సంబంధం లేకపోయినా సరే.

మీ మామ కోళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చికెన్ తింటే కరోనా వస్తుందనే పుకారు పోగొట్టాలని 2020 ఫిబ్రవరి చివర్లో మంత్రులు ట్యాంక్‌బండ్ దగ్గర స్టేజీ ఎక్కి చికెన్ తిని చూపించారు. అప్పటికే మీ మామ ఫారంలో సగం కోళ్లను ఊరికే పంచిపెట్టాడు. కిరాణా సేఠ్ ఇప్పటికీ పది రూపాయల బిళ్ల తీసుకోడు. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018లోనే చెప్పిందన్నా సరే, "నాకు చెల్లాలి కదమ్మా" అంటాడు. నిజం కాళ్లీడ్చుకుంటూ వస్తుంది బిడ్డా, నువ్వేమో రెండు నిమిషాల్లో నమ్మాలంటావు.

నాకు తెలుసు, చదువుతూ "అమ్మ మొదలుపెట్టింది" అంటున్నావు. అనుకో. పెద్దవాళ్లకు తప్పు చూపించాలంటే ఇరవై మంది ఉన్న గ్రూపులో చూపించకు, విడిగా ఫోన్ చెయ్యి. ఇంగ్లీషు లింక్ వద్దు. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ వాళ్లు తెలుగులోనే రాస్తారు, అది పంపు. వీడియో ఎక్కడిదో, ఎప్పటిదో ఫోటో పెట్టి వెతకడం ఆయనకు నేర్పించు, లెక్కల మనిషి కదా, రుజువు దొరికితే మహా సంబరం. చదవగానే ఒళ్లు మండేది ఏదైనా వస్తే వెంటనే ఎవరికీ పంపొద్దని ఆయనకు చెప్పు, నువ్వు కూడా అది పాటించు. నీకు ఒళ్లు మండే జవాబు రాయడం కూడా అదే జబ్బు.

ఇప్పుడు ఎందుకింత రాస్తున్నానో చెప్పేస్తా. సుజాతకు ఐదో నెల. రక్తం 8.6 ఉంది. వాళ్ల ఊరి సెంటర్‌లో ఆరోగ్య లక్ష్మి భోజనం పెడతారు కదా, అన్నం, పప్పు, గుడ్డు, పాలు. నీ లింక్ పడ్డ తర్వాత మీ పెద్దనాయిన ఇంకా బిగుసుకున్నాడు. సెంటర్ అన్నం తినొద్దని ఆ పిల్లను పంపడం మానేశాడు. అన్నం వద్దనుకుంటే గుడ్డూ పాలూ కూడా పోయాయి. సుజాత భయపడి ఏమీ అనదు. నేను రెండుసార్లు నోరు తెరిచాను. "నీది సర్కారు నౌకరి, నువ్వు అట్లనే అంటవు" అన్నాడు. సర్కారు నౌకరి అట! గౌరవ వేతనం కోసం పోషణ్ ట్రాకర్ యాప్ కోసం సిగ్నల్ వెతుక్కుంటూ డాబా ఎక్కేదాన్ని. మరదలి మాట బావకు ఎప్పుడు పట్టింది గనుక. మీ నాయిన అన్నకు ఎదురు చెప్పడు. మా అందరిలో ఆయన వినేది నీ ఒక్కదాని మాటే. ఇప్పటికీ ఎవరైనా వస్తే "మా స్వప్న బెంగళూరులో" అనే చెప్తాడు, నువ్వు గ్రూపులో అంత మాట అన్న తర్వాత కూడా.

క్షమాపణ చెప్పమని నేననడం లేదు. ఫోన్ చేసి ముందు ఆయన మోకాలి నొప్పి అడుగు. తర్వాత "పెద్దనాయినా, ఆ గింజ వేరేగా ఉందని మీరన్నది కరెక్టే" అని మొదలుపెట్టు. మిగతాది నీకు తెలుసు. గ్రూపులోకి మళ్లీ చేర్చమంటావా? అడ్మిన్ నేనే. నువ్వు ఊ అనకుండా చేర్చను, మళ్లీ వెళ్లిపోతే నేను చూడలేను.

ఆదివారం వేడినీళ్లతో తల స్నానం చెయ్యి, కొబ్బరినూనె రాసుకో. రాత్రి పదకొండు దాకా స్క్రీన్ చూడకు. చలికి చెవులు కప్పుకో, అక్కడ పొద్దున బాగా చలి ఉంటుందట.

సుజాతకు సోమవారం మళ్లీ రక్త పరీక్ష. రిపోర్ట్ ఫోటో తీసి నీకు పంపమన్నాను. చూసి ఏమేం తినాలో ఆ పిల్లకు రాయి, తెలుగులో.

ఇట్లు,
మీ అమ్మ