ఇంకు పోయకుండా పెన్ను మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను చిక్కడపల్లిలో ఉంటాను. పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని. రోజుకు నలభై యాభై పేజీలు చేత్తో దిద్దుతాను. బాల్ పెన్నుతో నొక్కి నొక్కి రాసి మణికట్టు నొప్పి పట్టుకుంటే, నొక్కి రాసే పని లేని పెన్ను చూసుకోమన్నారు డాక్టరుగారు. అలా కొన్నేళ్ల కిందట మళ్లీ ఇంకు పెన్ను పట్టాను. నొప్పి తగ్గింది. కాబట్టి నాకిది సరదా వస్తువు కాదు, పనిముట్టు. ఈ ఏడాది రెండు పెన్నులు కొన్నాను, రెండుసార్లూ దెబ్బతిన్నాను. నాలాగే ఇబ్బంది పడుతున్నవాళ్లు ఇంకా ఉంటారన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటిది కోఠిలో ఒక షాపులో కొన్నాను. 3,200 రూపాయలు. ఇంకులో ముంచి ఒక్క లైను రాసి చూసుకుంటానని అడిగాను. "ఇంకు తగిలితే కొత్త పీసు కింద లెక్క రాదమ్మా, ఇంకొకరు కొనరు" అన్నారు షాపాయన. కౌంటర్ మీద అదే మోడల్ పెన్ను ఒకటి అందరూ రాసి చూసుకోవడానికి పెట్టారు. దాంతో రాయించారు. చక్కగా రాసింది. సరేనని డబ్బు కట్టి, సీల్ తియ్యని డబ్బా తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి ఎర్ర ఇంకు నింపి ప్రూఫు ముందేసుకున్నాను. మొదటి పేజీలోనే "కలత" అన్న మాట దిద్దాల్సి వచ్చింది. క రాశాను, తలకట్టు పడలేదు. ల గుండ్రంగా వచ్చింది. త మొదలే పడలేదు, సగం నుంచి కనిపించింది. పాళీ కడిగాను, ఇంకు మార్చాను, కాగితం మార్చాను. అదే వరస. మన రాతలో పెన్ను ఒక్క ఊపున కాగితం మీద సాగిపోదు. తలకట్టుకు, గుడికి, వత్తుకు ఎత్తి ఎత్తి పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ ఈ పెన్ను మొదటి గీతను మింగేస్తోంది. ప్రూఫులో నేను పెట్టిన గుడి కనపడకపోతే డీటీపీ చేసే అమ్మాయి దాన్ని ఇంకోలా చదువుకుంటుంది. దిద్దడానికి పంపిన పేజీ కొత్త తప్పుతో తిరిగొస్తుంది.

మర్నాడే షాపుకు తీసుకెళ్లాను. ఆయన పాళీ వంక చూసి, "ఇంకు పోసేశారుగా, ఇక మేమేం చెయ్యలేం" అన్నారు. బిల్లు కింద చిన్న అక్షరాల్లో ఉన్న ముక్క చూపించారు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. కంపెనీకి మెయిల్ పెట్టుకోమన్నారు. రెండు మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు.

నా బాధంతా ఇక్కడే ఉంది. చెప్పులు కొంటే వేసుకుని నాలుగడుగులు నడిచి చూస్తాం. చీర కొంటే మడత విప్పి, కొంగు పరిచి మరీ చూపిస్తారు. ఇంకు పెన్ను మాత్రం ఇంకు తగలకుండా చూసి కొనుక్కోవాలట. కొన్నాక ఇంకు పోస్తే అది వాడేసిన వస్తువట. మరి అందులో లోపం ఉందని కొన్నవాళ్లకు తెలిసే దారేది? కౌంటర్ మీది పెన్నుతో రాయించడం దీనికి జవాబు కాదు. ఇంకు పెన్నుల్లో ఏ పాళీకి ఆ పాళీ వేరు. ఒకే డబ్బాలో వచ్చిన పది పెన్నుల్లో తొమ్మిది హాయిగా రాసి పదోది మొరాయించవచ్చు. నేను కొనేది ఆ పదోదేమో చూసుకోనివ్వాలి కదా.

ఆ పెన్ను సంగతి నెల తర్వాత తేలింది. ఒక స్నేహితురాలు చెబితే, పాత పెన్నులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన భూతద్దం కన్నుకు ఆనించి పాళీ మొనను దీపం కింద తిప్పి చూశారు. నన్నూ చూడమన్నారు. మొన చివరి చిన్న చుక్క మధ్యలో చీలిక ఉంటుంది, ఇంకు దిగేది అందులోంచే. ఫ్యాక్టరీలో ఆ చుక్కను నునుపు కోసం మరీ ఎక్కువ రుద్దడంతో చీలిక లోపలి అంచులు కూడా గుండ్రంగా అరిగిపోయాయట. చుక్క కాగితాన్ని తాకుతోంది, చీలికలో ఉన్న ఇంకు మాత్రం వెంట్రుకవాసి పైనే ఆగిపోతోంది. అందుకే కాస్త నొక్కితే రాస్తోంది, తేలిగ్గా పెడితే రాయడం లేదు. నొక్కకూడదనే కదా నేను ఇంకు పెన్నుకు వచ్చింది! ఆయన సన్నటి రాపిడి కాగితం మీద పదిహేను నిమిషాలు ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి, మధ్య మధ్యలో ఇంకులో ముంచి రాసి చూసి, నా చేతికిచ్చారు. 150 రూపాయలు తీసుకున్నారు. ఈ ఉత్తరం చిత్తు ప్రతి ఆ పెన్నుతోనే రాశాను.

అంటే లోపం తయారీలో ఉంది. నేను పాడుచేసింది కాదు. పావుగంటలో బాగయ్యే లోపాన్ని చూడగలిగిన మనిషి 3,200 రూపాయలకు పెన్ను అమ్మే షాపులో ఒక్కరూ లేరు. 1928లో అబిడ్స్‌లో మొదలైన డెక్కన్ పెన్ స్టోర్స్ పేరు తెలియని పాత హైదరాబాదీ ఉండరు. అటు రాజమండ్రిలో చేత్తో చేసిన రత్నం పెన్నును మెచ్చుకుంటూ 1935లో గాంధీజీ ఉత్తరం రాశారు. పెన్నుకు ఇంత మర్యాద ఉన్న చోట, రాసి చూసుకుంటానని అడిగితే తప్పు చేసినట్టు చూడటం నాకు నిజంగా బాధనిపించింది.

రెండోది ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. ఇక్కడ రాసి చూసే ప్రశ్నే లేదు. 4,999 అని కొట్టేసి పక్కన 1,899 అని చూపించారు. డబ్బా వచ్చాక చూస్తే దాని మీద అతికించిన స్టిక్కర్‌లో ఎమ్మార్పీ 2,250. విదేశీ పెన్ను అన్నారు, దిగుమతి చేసుకున్నది ఎవరో పేరు లేదు, చిరునామా లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. ఇంకు నింపి గంట రాసేసరికి వేళ్లన్నీ నీలం. పట్టుకునే చోట మర దగ్గర సన్నటి పగులు ఉంది, అందులోంచి ఇంకు ఊరుతోంది. ఫొటోలు తీసి "ఇంకు కారుతోంది" అని రిటర్న్ పెట్టాను. ఒప్పుకున్నారు. పికప్‌కు వచ్చిన అబ్బాయి డబ్బా తెరిచి నిలబడిపోయాడు. "అక్కా, వాడిన గుర్తులు లేవని టిక్ పెడితేనే యాప్ ముందుకెళ్తుంది. దీని మీద ఇంకు మరకలున్నాయి" అన్నాడు. ఇంకు కారుతోందనే తిప్పి పంపిస్తున్నాను నాయనా అన్నాను. ఆ అబ్బాయి తప్పేం లేదు. టిక్ పెడితే గోడౌన్‌లో తిప్పికొడతారు, ఆ రోజు కూలి పోతుంది. మూడుసార్లు వచ్చారు, మూడుసార్లూ ఇదే. ఇంతలో ఏడు రోజుల గడువు దాటిపోయింది. చాట్‌లో మాట్లాడేది మనిషో యంత్రమో తెలియదు, ఏం అడిగినా "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న ఒకే మాట.

చివరికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు నమోదయ్యాక పందొమ్మిదో రోజున డబ్బు వెనక్కి వచ్చింది. పెన్ను తీసుకెళ్లడానికి మాత్రం ఇప్పటికీ ఎవరూ రాలేదు.

ఆ తర్వాత చట్టంలో ఏముందో ఓపిగ్గా చదువుకున్నాను. 2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు మీద వాపసు లేదని అచ్చు వేసుకున్నంత మాత్రాన మన హక్కు పోదు. ఆన్‌లైన్ అమ్మకాలకు విడిగా నిబంధనలున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి, లోపమున్న సరుకును, చెప్పినదానికి భిన్నంగా ఉన్న సరుకును తీసుకోనని అమ్మినవాళ్లు అనకూడదు. 5 లక్షల లోపు కొనుగోళ్లకైతే వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా ఉండదు, మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. కోఠి షాపు మీద నేను వేయలేదు. ఒక పెన్ను కోసం కమిషన్ చుట్టూ తిరగాలంటే నా పని ఆగిపోతుంది. చాలామంది ఇలాగే ఊరుకుంటారు.

షాపులవాళ్ల కష్టం కూడా నాకు తెలుసు. పెన్ను కింద పడేసి పాళీ వంకర చేసుకుని, ఇలాగే వచ్చిందని బుకాయించేవాళ్లు ఉంటారు. దానికి మందు కూడా రాయించి అమ్మడమే. డబ్బు తీసుకునే ముందు అదే పీసును ఇంకులో ముంచి కొనేవాళ్ల చేత నాలుగు లైన్లు రాయించండి. తడిగుడ్డతో తుడిస్తే పాళీ శుభ్రమైపోతుంది, నింపలేదు కాబట్టి పెన్ను లోపల ఇంకు చేరదు. బాగుందని ఇద్దరూ ఒప్పుకున్నాక తీసుకెళ్లిన పెన్నును పడేసుకుంటే ఆ బాధ్యత మాదే. ఆన్‌లైన్‌లో ఈ వీలు లేదు కనుక, ఇంకు పెన్నులకు "వాడిన గుర్తులు" అన్న షరతును తీసెయ్యాలి. తూనికలు, కొలతల శాఖవారు గోడౌన్లలో ఈ డబ్బాల మీది స్టిక్కర్లను ఒకసారి తనిఖీ చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

పోయిన వారం బాగైన పెన్ను పట్టుకుని ఆ కోఠి షాపుకు వెళ్లాను. షాపాయన ఎదురుగానే "కలత" అని రాసి చూపించాను. ఆయన పెన్ను తీసుకుని తన సంతకం రెండుసార్లు చేసుకున్నారు. కౌంటర్ మీద ఇంకు సీసా, తెల్ల కాగితాలు పెట్టండి, కొనే పెన్నుతోనే రాసుకోనివ్వండి అని అడిగాను. చూద్దామమ్మా అన్నారు. నిన్న అటువైపు వెళ్లినప్పుడు చూశాను, ఇంకా పెట్టలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్లి అడుగుతాను.

ఇట్లు,
ఒక ప్రూఫ్ రీడర్,
చిక్కడపల్లి, హైదరాబాద్