విశ్వావసు నామ సంవత్సరం: మన తెలుగు సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు, కాస్త ఆలస్యంగా.

2025 మార్చి 30 నాటి ఉగాది నుంచి మొన్న 2026 మార్చి 19 ఉగాది దాకా అమెరికాలో, మాసచూసెట్స్ రాష్ట్రం పడమటి వైపు ఉన్న మన సంఘం ఏం చేసిందో రాసి పంపమని అధ్యక్షులవారు మూడు వారాలుగా వెంటపడుతున్నారు. నా ముందు కార్యదర్శులు రాసినట్టే పండగల వరసలో రాద్దామని కూర్చున్నాను గానీ, పండగలన్నీ ఒక్క పేరాలో అయిపోయాయి, మే నెల ఒక్కటే నాలుగు పేజీలు వచ్చింది. అంచేత పండగలు గబగబా చెప్పేసి అసలు సంగతికి వస్తాను.

ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు ఈసారీ ఇండియా నుంచి ఎండబెట్టి తెచ్చుకున్నదే. బతుకమ్మకి తంగేడూ లేదు, గునుగూ లేదు, చామంతులూ బంతిపూలతోనే పేర్చాం, అయినా పోయినేడాది కంటే ఎత్తు. కార్తీక వనభోజనాలు లుక్ పార్కులో, సగం ఆకులు రాలిపోయిన మేపుల్ చెట్టు కింద, చలికోట్లు తియ్యకుండానే తిన్నాం. ఉసిరి కొమ్మ దొరక్క ఉసిరికాయ పచ్చడి సీసా పెట్టి దణ్ణం పెట్టుకున్న సంఘం మనదొక్కటేనేమో. సంక్రాంతికి బయటంతా మంచు, ముగ్గులు హాల్లో నల్ల చార్టుల మీదే. ఆదివారం తెలుగు బడి నడుస్తోంది, పిల్లలు గుణింతాల్లో ఉన్నారు, టీచరమ్మకి తోడు ఇంకొకరు కావాలి.

ఇక మే నెల.

మనం ఉండే ఈ లోయలో ఐదు కాలేజీలున్నాయని అందరికీ తెలుసు: ఆమ్హర్‌స్ట్, స్మిత్, మౌంట్ హోల్యోక్, హాంప్‌షైర్, మన మాసచూసెట్స్ యూనివర్సిటీ. యూనివర్సిటీ ఒక్కటే పెద్దది, తక్కిన నాలుగూ చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు, అంటే ఒక్క వృత్తి చదువే కాకుండా సైన్సు, చరిత్ర, సాహిత్యం, కళలు అన్నీ కలిపి చదివించేవి. ఒక కాలేజీ పిల్ల బస్సెక్కి ఇంకో కాలేజీలో క్లాసు విని రావచ్చు. మనలో చాలామందిమి యూనివర్సిటీ వల్లో, స్ప్రింగ్‌ఫీల్డ్, హార్ట్‌ఫర్డ్ ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఐటీ ఉద్యోగాల వల్లో ఇక్కడికి చేరాం. నార్తాంప్టన్‌లో స్మిత్ కాలేజీ పక్కనుంచి కారులో పోవడమే గానీ ఇన్నేళ్ళలో లోపలికి అడుగుపెట్టింది తక్కువ. "లిబరల్ ఆర్ట్స్ అంటే బొమ్మలు వెయ్యడం నేర్పుతారా?" అని అడిగినవాళ్ళు మనలోనే ఉన్నారు, దాచుకోవడం ఎందుకు, నేనూ ఒకదాన్ని.

ఏప్రిల్ మొదట్లో గుంటూరు నుంచి ఒక తండ్రి సంఘానికి మెయిల్ రాశారు. అమ్మాయి స్కాలర్‌షిప్ మీద స్మిత్‌లో చదువుతోంది, ఎకనామిక్స్ ఒక మేజరు (ముఖ్య సబ్జెక్టు), డాన్స్ ఇంకో మేజరు, మే మధ్యలో గ్రాడ్యుయేషన్. తనూ, భార్యా, తల్లీ ముగ్గురూ వస్తున్నారు, హైదరాబాదులో వీసా ఇంటర్వ్యూ అయిపోయింది, చిలుకూరు బాలాజీకి మొక్కుకున్న 108 ప్రదక్షిణలు కూడా పూర్తి చేశారు, ఇక ఉండటానికి చోటు చూసిపెట్టగలరా అని. మర్నాడే కరీంనగర్ నుంచి ఇంకో అమ్మ ఫోను, వాళ్ళమ్మాయిదీ అదే కాలేజీ, ఇంజినీరింగ్, తనూ అమ్మమ్మగారూ వస్తున్నారు. "రూములకేం, దొరుకుతాయి లెండి" అని ఇద్దరికీ భరోసా ఇచ్చింది నేనే. తప్పు నాదే. గ్రాడ్యుయేషన్ వారాంతానికి చుట్టుపక్కల హోటళ్ళు నెలల ముందే నిండిపోతాయని ఇక్కడ పదిహేనేళ్ళుగా ఉంటూ నాకు తెలియకపోవడం ఏమిటో. చివరికి దూరంగా ఒక మోటెల్‌లో బుక్ చేస్తే, తీరా రాత్రి పదకొండింటికి బ్రాడ్లీ ఎయిర్‌పోర్టు నుంచి అక్కడికి చేరాక రూము లేదన్నారు. పెద్దావిడ లాబీలో సూట్‌కేసు మీద కూర్చుని "మీ ఇంట్లో చాప ఉందా తల్లీ?" అని అడిగింది. అంతే, గుంటూరు వాళ్ళందరూ మా ఇంటికే. కరీంనగర్ వాళ్ళని కోశాధికారి గారింట్లో దించాం.

పెద్దవాళ్ళకి కాలేజీ గురించి చెప్పాలి కదా అని నేను ముందే కాస్త చదువుకున్నాను. సోఫియా స్మిత్ అనే ఆవిడ తన ఆస్తిలో చాలా భాగం ఆడపిల్లల చదువుకని వీలునామా రాసి పోతే 1871లో కాలేజీకి అనుమతి వచ్చింది, 1875లో 14 మందితో మొదలైంది, ఇప్పుడు రెండున్నర వేలమంది దాకా ఉన్నారు. మొదటి ఏడాది రాత మీద ఒక కోర్సు తప్పనిసరి, ఆ పైన మేజరుకి కావలసినవి పోను ఏం చదవాలన్నది పిల్లల ఇష్టం. ఇది విని గుంటూరు నాన్నగారు, ఆయన రిటైరైన తెలుగు మాస్టారు, "మన వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో, వీళ్ళకంటే ఏడాది ముందే" అన్నారు. అది బడి, ఇది కాలేజీ అని నేను అనబోయి ఊరుకున్నాను. అమెరికాలో మహిళా కాలేజీల్లో సొంతంగా ఇంజినీరింగ్ పెట్టింది మొదట ఇదేననీ, 1999లో పెడితే తొలి బ్యాచ్ 2004లో బయటికొచ్చిందనీ చెప్పేసరికి మాత్రం మన కమిటీ సభ్యుల ముఖాలు వెలిగాయి. ఇంజినీరింగ్ అన్న మాటకి మనవాళ్ళ దగ్గర ఉన్న విలువ ఇంకా తగ్గలేదు.

అసలు గొడవ చీర దగ్గర వచ్చింది. గ్రాడ్యుయేషన్‌కి ముందురోజు అక్కడ ఐవీ డే చేస్తారు. చదువు పూర్తయిన అమ్మాయిలు తెల్లబట్టలు కట్టుకుని చేతిలో ఎర్ర గులాబీతో, ఎప్పుడెప్పుడో చదివి వెళ్ళిన పాతవిద్యార్థినులతో కలిసి ఊరేగింపుగా నడుస్తారు, ఐవీ తీగ నాటుతారు. మన గుంటూరు అమ్మాయి తెల్ల మంగళగిరి చీర కట్టుకుంటానంది. వాళ్ళమ్మ గద్వాల ఎర్రచీర పెట్టెలో పెట్టుకుని పన్నెండువేల కిలోమీటర్లు పైగా వచ్చింది! "శుభమా అని డిగ్రీ తీసుకుంటూ తెల్లచీరేంటే, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు" అని ఆవిడ, "ఇక్కడ చూసేవాళ్ళందరూ తెల్లవే కట్టుకుంటారమ్మా" అని ఈ పిల్ల, మా వంటింట్లో రాత్రి పన్నెండు దాకా. మధ్యలో నేను కాఫీ పెట్టడం తప్ప ఏం చెయ్యలేకపోయాను. చివరికి నాయనమ్మగారు నిద్ర లేచి వచ్చి, "నీ పెళ్ళిలో మధుపర్కాలు ఏ రంగువే?" అని కోడల్ని అడిగింది. ఇక మాట లేదు. మర్నాడు పొద్దున తెల్లచీర ఎర్ర అంచుతో, నుదుట పెద్ద కుంకుమబొట్టుతో వెళ్ళింది అమ్మాయి, ఆ గద్వాల చీర వాళ్ళమ్మ కట్టుకుంది.

ఊరేగింపులో ముందు నడిచిన ముసలావిడల్ని చూసి మనవాళ్ళు ఆశ్చర్యపోయారు. వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ళు కూడా తమ బ్యాచ్ రంగు కండువా వేసుకుని చెయ్యి ఊపుతున్నారు, పక్కన నిలబడ్డ పిల్లలు కేకలు పెడుతున్నారు. మనకి పూర్వవిద్యార్థుల సమ్మేళనం అంటే స్టేజీ, శాలువాలు, ఉపన్యాసాలే, ఇలా కలిసి నడవడం నాకైతే చాలా నచ్చింది. ఆ రాత్రి క్యాంపస్ అంతా కాగితం లాంతర్లు వేలాడదీస్తారు. "గిన్నిటికి వత్తులు ఎవరేసిన్రు బిడ్డా?" అని కరీంనగర్ అమ్మమ్మ అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆదివారం అసలు వేడుక. మే నెలయినా పొద్దున్నే చలి, పెద్దవాళ్ళిద్దరికీ మన సభ్యులు శాలువాలూ ఫ్లాస్కులో టీ తెచ్చారు. ఒక్కో పేరూ పిలవడం, ఒక్కొక్కరూ స్టేజీ ఎక్కి పట్టా తీసుకోవడం, అది ఎక్కడైనా ఉండేదే. కానీ గుంటూరు అమ్మాయి అట్ట తెరిచి అందులో పేరు చూసి, మావైపు తిరిగి నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. వాళ్ళమ్మకి టెన్షన్ మొదలైంది, "పేరు తప్పు పడిందా? పాస్‌పోర్టులో ఒకలా ఇందులో ఒకలా ఉంటే రేపు ఉద్యోగానికి ఇబ్బంది కాదూ?" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పేరు తప్పు కాదు, పట్టానే వేరేవాళ్ళది. స్మిత్‌లో అదే ఆనవాయితీ, స్టేజీ మీద ఎవరి పట్టా వాళ్ళకి ఇవ్వరు, చేతికి వచ్చింది ఇచ్చేస్తారు. తర్వాత అందరూ గుండ్రంగా వరసలు కట్టి, చేతిలో ఉన్నది పక్కమనిషికి అందిస్తూ పోతారు, తమది తమకి చేరినవాళ్ళు వరసలోంచి బయటికి వచ్చేస్తారు, గుండ్రం చిన్నదవుతూ వస్తుంది. నేను ముందే చెప్పి ఉండాల్సింది, పోటుగత్తెలా చరిత్రంతా చెప్పి ఇదొక్కటీ మర్చిపోయాను. కరీంనగర్ అమ్మమ్మకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. కాసేపు కళ్ళు చికిలించి చూసి, "పిల్లలు నిలవడ్డరు, కాయితాలు బతుకమ్మ ఆడుతున్నయ్!" అంది.

ఇంజినీరింగ్ అమ్మాయి పట్టా అయిదారు నిమిషాల్లోనే దొరికింది. గుంటూరు అమ్మాయిది ఎక్కడ తిరుగుతోందో రాలేదు. గుండ్రం ఇరవైమందికి తగ్గింది, పదిమందికి తగ్గింది, చుట్టూ ఉన్న జనం చప్పట్లు కొడుతున్నారు. మాస్టారు వీడియో తీస్తూ తీస్తూ ఫోను దించేసి ఊరికే చూస్తూ నిలబడ్డారు. చివరి ఆరేడుగురిలో ఉండగా చేరింది. అది అందించిన అమ్మాయి ఏ దేశం పిల్లో తెలియదు, ఇద్దరూ కౌగిలించుకుని కూర్చుండిపోయారు.

మధ్యాహ్నం చర్చి బేస్‌మెంట్ హాల్లో మన భోజనం. పులిహోర, గుత్తివంకాయ, ఉలవచారు, సర్వపిండి, సేమ్యా పాయసం. అమ్మాయిలు తమ హౌస్‌లో (అక్కడ హాస్టల్ అనరు, హౌస్ అంటారు) స్నేహితుల్ని పిలుస్తామంటే పదిమంది అనుకున్నాం, ముప్పైమంది వచ్చారు. ఉలవచారు మూడుసార్లు పోయించుకున్న పిల్ల ఉంది, సర్వపిండి మాత్రం మా వరకు రాలేదు.

మన సభ్యుల అమ్మాయి మౌంట్ హోల్యోక్‌లో పట్టా తీసుకుంది, సౌత్ హాడ్లీకి నలుగురం వెళ్ళాం. అక్కడా ముందురోజు తెల్లబట్టలే, లారెల్ ఆకుల పొడుగాటి దండ భుజాల మీద మోసుకెళ్ళి, 1837లో ఆ విద్యాసంస్థని మొదలుపెట్టిన మేరీ లయన్ సమాధి కంచెకి చుడతారు. ఈసారి చీర దగ్గర గొడవ లేదు, గుంటూరు నాయనమ్మ తీర్పు అప్పటికే ఊరంతా తెలిసిపోయింది.

లెక్కలు కోశాధికారి విడిగా పంపుతున్నారు. మే నెల ఖర్చు మీద ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు, సభ్యులు కానివాళ్ళ మీద సంఘం డబ్బు ఎందుకు పెట్టారని. అడగాల్సిన ప్రశ్నే, అయితే నా సమాధానం ఇది: పండగలకి మనం మనకే వండుకుని మనకే పాడుకుంటాం, అందులో తప్పులేదు, కానీ పాతికమంది చేతులు వేసి నిజంగా ఒకరికి పనికొచ్చిన పని ఈ ఏడాది ఇదొక్కటే. హాలు అద్దె, సరుకులు తప్ప మరో ఖర్చు లేదు, బండ్లూ పడకలూ సభ్యులవే.

ఈ మే నెలకి ఇప్పటికే మూడు కుటుంబాలు రాశాయి, ఒకరిది ఆమ్హర్‌స్ట్, ఇద్దరిది స్మిత్. ఇంట్లో ఒక గది ఇవ్వగలిగినవాళ్ళు ఈ వారంలో చెప్పండి, మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళున్నారు కాబట్టి కింది గది అయితే మరీ మంచిది. ఎయిర్‌పోర్టుకి రాత్రిపూట కారు తీయగలవాళ్ళు ఇద్దరు కావాలి. ఐవీ డే అంటే ఏమిటో, పట్టాల వరస ఎలా నడుస్తుందో తెలుగులో ఒక పేజీ రాసి ముందే పంపుతున్నాను, తెల్లచీర సంగతి అందులో మొదటి లైను. వనభోజనాల నాడు సంఘం పెద్ద స్టీలు గిన్నె ఎవరో తీసుకెళ్ళారు, పేరు చెప్పను, వాళ్ళకి తెలుసు. ఉలవచారు కాయాలంటే అది మే మొదటివారంలోగా వెనక్కి రావాలి.