యాభై రోజుల నిద్ర

చిరంజీవి అమ్మడిని నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. మూడు రోజులుగా జున్ను తింటున్నాం, నీ వాటా కూడా మేమే తినేశాం.

ఫోనుండగా ఉత్తరమేటి అంటావు. ఫోన్లో నేను రెండు ముక్కలు మాట్లాడేసరికి మీ అమ్మ లాక్కుని "తిన్నావా, పడుకున్నావా" అని మొదలెడుతుంది. మొన్న రాత్రి నువ్వు "నాలుగేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టయింది నాన్నా" అని ఏడిస్తే నాకు నోట మాట రాలేదు. తెల్లారి పొలం గట్టు మీద కూర్చుంటే వచ్చింది మాట. అప్పటికి నువ్వు ల్యాబుకి వెళ్ళిపోయుంటావు.

నీ పరిశోధన సంగతి నాకు అర్థమైనంత చెప్తాను, తప్పయితే దిద్దు. పాత ఎర్ర వడ్లనీ సన్న రకాన్నీ కలిపి, మళ్ళీ మళ్ళీ సన్నరకంతోనే సంకరం చేసుకుంటూ వచ్చావు. తుపాను వానలో వెన్ను మీదే మొలకెత్తిపోని గింజ కావాలి నీకు. గింజ తెల్లగానే వచ్చింది, నిద్ర కూడా వచ్చింది. కానీ ఎక్కువయింది. కోసిన యాభై రోజులకి గానీ మొలక రావట్లేదు. రెండు మూడు వారాలైతే చాలు, ఇంత నిద్ర రైతుకి దండగ అన్నారట మీ వాళ్ళు. అంతేనా?

మరి నేనొకటి అడుగుతాను. ఏ రైతుకి దండగ?

గోదావరి జిల్లాల రైతుకి దండగే. వానాకాలపు సార్వా కోసి, నెల తిరక్కుండా రెండో పంట దాళ్వాకి నారు పొయ్యాలి. ఇంట్లో గింజలే విత్తనం చేసుకుందామంటే యాభై రోజులు నిద్రపోయేది అతనికెందుకు? మన వైపు అలాగుందా? జూన్, జులైలో నారు పోసి, ఉబాలు ముగించి, నవంబరు, డిసెంబరులో కోస్తాం. కోతకి ముందే ఆ చేలో పెసలో మినుములో చల్లేస్తాం. మళ్ళీ వరి గింజ తడి చూసేది వచ్చే తొలకరికే. నడుమ ఆరు నెలలు అది గాదెలో పడుంటుంది. యాభై రోజులు నిద్రపోతే ఏటి, తొంభై రోజులు నిద్రపోతే ఏటి? అంత తొందరున్నవాడు లీటరు నీళ్ళకి 10 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం కలిపి, కిలో గింజలు ఒక రోజు నానేసి, బాగా కడిగి మొలకకి మండె కట్టుకుంటాడు. నిద్ర తక్కువ రకాలకైతే 6.3 మిల్లీలీటర్లే చాలు. ఈ లెక్క నేను చచ్చేదాకా మర్చిపోను, వరి పరిశోధన కేంద్రంలో పనిచేసేటప్పుడు ఎన్ని వేలసార్లు కలిపానో. చెయ్యి మీద ఆ మచ్చ దాని తాలూకుదే.

నిద్రలేని గింజ ఏం చేస్తుందో నీకు గుర్తుండదు. నువ్వు రెండో క్లాసు చదివే ఏడు, కార్తీకం వెళ్ళిపోయాక, కోసిన పనలు చేలో ఆరుతుండగా ముసురు పట్టింది. మూడు రోజులు వదల్లేదు. నాలుగో రోజు చూస్తే పనల మీద పచ్చగా, నారుమడి పోసినట్టు! మీ తాత ఒక పన తిరగేసి చూసి, మాట్లాడకుండా ఇంటికెళ్ళిపోయాడు. లీటరుకి యాభై గ్రాముల ఉప్పు కలిపి పనల మీద కొడితే మొలక ఆగుతుందని మేమే ఊరూరా చెప్పేవాళ్ళం. వాన ఆగకుండా ఎవడు కొట్టగలడు? ఆ ధాన్యం బియ్యమాడిస్తే అన్నీ నూకలే.

ఈ సంగతి నీకిదివరకు చెప్పలేదు. అదే ముసురులో నేను పనిచేసే చోట కూడా పనలు తడిశాయి. నలభై వరసల సంతానం, ఒక్కో కట్టకి ఒక్కో చీటీ. మధ్యాహ్నం పూట కత్తెరతో గింజ కొన తుంచి, ఆరు పుప్పొడి తిత్తులూ చిమటాతో తీసి, బటర్ పేపరు సంచి తొడిగి, మర్నాడు పది గంటలకి తండ్రి వెన్ను తెచ్చి దులిపి చేసిన సంకరాల పిల్లలవి. ఆ పుప్పొడి బతికేది అయిదు నిమిషాలు. తుమ్ము వచ్చినా ఆపుకునేవాళ్ళం. ముసురు పట్టగానే కట్టలన్నీ ఎత్తి గట్టు మీదకి చేర్చాం, వరస కలిసిపోయింది. చీటీలున్నాయి కదా అనే ధైర్యం.

ముప్ఫై తొమ్మిది కట్టలు మొలకెత్తాయి. ఒకటి మొలకెత్తలేదు. వేలితో గింజ నొక్కి చూశాను, గట్టిగా, చల్లగా ఉంది. సారు పరుగున వచ్చి, "ఇదేదిరా?" అన్నారు. చీటీ తిప్పి చూస్తే నీలం మరక తప్ప అక్షరం లేదు. ఆ రోజు పెన్సిలు ముక్క కనపడక పెన్నుతో రాశాను. సారు ఏమీ అనలేదు, అంటే బాగుండేది. తల్లీ తండ్రీ తెలియని గింజని రికార్డులో ఎలా ఎక్కిస్తారు? ఆ కట్ట అలా పోయింది. ఇప్పటికీ డిసెంబరులో మబ్బు పడితే నాకు అదే గుర్తొస్తుంది.

అందుకే నువ్వు దొడ్లో కూర్చుని గింజ సంగతి చెప్పిన రోజు నాకు అంత ఆశ్చర్యం. మనం తినే బియ్యం అసలు బిడ్డ కాదని, బిడ్డ ఆ మూలనున్న చిన్న ముక్కేనని, మిగతాదంతా ఆ బిడ్డకి తల్లి కట్టిచ్చిన చద్దిమూటని చెప్పావు. పుప్పొడి నుంచి రెండు కణాలు దిగుతాయి, ఒకటి బిడ్డని చేస్తుంది, రెండోది మూటని చేస్తుంది, ఆ మూటలో తల్లివి రెండు పాళ్ళు, తండ్రిది ఒకటి అన్నావు. 1898లో నవాషిన్ అనే రష్యావాడు కనిపెట్టాడన్నావు. మీ అమ్మ చేట పక్కన పెట్టి "రెండు పాళ్ళు నావే, విన్నావా?" అంది. ఇప్పటికీ కూర తక్కువైతే అదే లెక్కతో వడ్డిస్తుంది.

ఇంకొకటి కూడా చెప్పావు. ఎర్ర బియ్యం మీది ఎరుపు పొర పూర్తిగా తల్లిదే, ఆ ఎరుపుని ఇచ్చే ఆర్‌సీ జన్యువే నిద్రని కూడా పెంచుతుందని. గింజని నిద్రపుచ్చే ఏబీఏ హార్మోను పేరు అప్పుడే విన్నాను. చెరువుగట్టు మీది నివ్వరి, అదే అడవి వరి, గింజ పండగానే రాలిపోయి, ఎన్నాళ్ళో మట్టిలో పడుండి, ఎప్పుడో లేస్తుంది. దాని పనే అది. వేల ఏళ్ళుగా అన్నీ ఒకేసారి మొలిచే గింజల్ని ఏరుకుంటూ వచ్చి నిద్ర పోగొట్టింది మనమే. 2010లో జపాన్ వాళ్ళు కసలత్ అనే మన దేశపు పాత రకంలో ఎస్‌డీఆర్4 అనే నిద్ర జన్యువుని పట్టుకున్నారన్నావు. అంటే ఎరుపు లేకుండా కూడా నిద్ర దొరుకుతుంది. నీ తెల్ల గింజ చేసిందీ అదే కదేటి?

2025 మేలో పేపర్లో కమల అనే కొత్త వరి గురించి చదివాను. మీ రాజేంద్రనగర్‌లోనే మన సాంబ మసూరిలో ఒక జన్యువుని సరిచేస్తే గింజలు పెరిగాయట, పంట ఇరవై రోజులు ముందే వస్తుందట. సంతోషమే. పేపరంతా తిరగేశాను, దానికి నిద్ర ఎంతో ఎక్కడా రాయలేదు. దిగుబడి అందరూ అడుగుతారు, ఇదెవరూ అడగరు. ఇరవై రోజులు ముందే పండితే మన దగ్గర అక్టోబరు వానల్లోకి వస్తుంది కోత. తిత్లీ తుపాను వచ్చింది 2018 అక్టోబరు 11నే.

మీ గైడు గారు తప్పన్నారని నేననను. ఆయన అన్ని వైపుల రైతుల్నీ చూసుకోవాలి. కానీ పారేసే ముందు ఒక మాట అడుగు. యాభై రోజుల నిద్ర ఒక్క సార్వాయే పండే మా శ్రీకాకుళం, విజయనగరం వైపు చెల్లుతుందేమో చూడొచ్చా అని అడుగు. నిద్ర ఒక్కటే చూస్తే చాలదు, గడ్డి పశువు తింటుందో లేదో చూడాలి, అన్నం చద్దికి నిలుస్తుందో లేదో చూడాలి. ఆ రెండూ మీ ల్యాబులో తేలవు. ఎర్రావూ మీ అమ్మా తేలుస్తారు.

బావి పక్కన అయిదు సెంట్లు ఖాళీగా ఉంచాను. ఈ ఏడు అందులో మినుము కూడా చల్లలేదు. మీ వాళ్ళు ఒప్పుకుంటే నీ గింజ రెండు వందల గ్రాములు, దాని తల్లిదీ తండ్రిదీ చెరో వంద గ్రాములు సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్రా. మూడూ పక్కపక్కనే వేస్తాను. కోతప్పుడు వాన పడకపోతే పనల్ని నేనే బిందెలతో తడుపుతాను.

సంచి లోపలొక చీటీ, బయటొకటి. పెన్సిలుతో రాయి.

నాన్న